ఆరో తరగతిలోకి వచ్చే పిల్లలకు హైస్కూల్ భయం పోగొట్టడం ఎలా: ఏప్రిల్ నుంచి దసరా దాకా చేయాల్సిన పనులు

తెలంగాణలో నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు చాలా ఊళ్ళలో ఐదో తరగతి దాకా ఊరి ప్రైమరీ స్కూలో తండా బడో ఉంటుంది. ఆరో తరగతికి వచ్చేసరికి పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకో, మండల కేంద్రంలోని మోడల్ స్కూలుకో, కస్తూర్బా విద్యాలయానికో పోవాలి. నిన్నటిదాకా బడి మొత్తానికి పెద్దపిల్లగా ఉన్న అమ్మాయి, జూన్‌లో పదో తరగతి పిల్లల నడుమ అందరికన్నా చిన్నదైపోతుంది. అన్నీ ఒకరిద్దరు టీచర్లే చెప్పే బడి పోయి, గంట కొట్టినప్పుడల్లా కొత్త సారో మేడమో లోపలికి వచ్చే బడి వస్తుంది. ప్రభుత్వ బడి పిల్లలకు హిందీ అక్షరాలు కూడా ఆరో తరగతిలోనే మొదలవుతాయి.

హైస్కూల్లో పాఠాలు చెప్పే మనిషిగా నా అభిప్రాయం ఒకటే. ఈ వయసు పిల్లల భయాలు చాలావరకు చిన్నవి, వేలు పెట్టి చూపించగలిగినవి. బాత్రూంకు గడియ ఉందా? అన్నం ఎక్కడ కూర్చుని తినాలి? బస్సు పోతే ఇంటికెట్లా? నా పళ్ళు చూసి నవ్వుతారా? "భయపడకండి పిల్లలూ" అని మైకులో ఎంతసేపు చెప్పినా ఇవి పోవు. ఒక్కోదాన్ని వెతికి పట్టుకుని తీసేయాలి. అందుకు ముందు బడి ఆవరణ, తర్వాత మనుషులు, ఆ తర్వాతే పాఠం అనే వరుస పాటించాలి. మన బడుల్లో చాలాచోట్ల బడి తెరిచిన మొదటి వారంలోనే పాఠం మొదలుపెట్టి మిగతా రెండూ వదిలేస్తాం.

ఏప్రిల్: సెలవులకు ముందే ఐదో తరగతికి వెళ్ళండి

బడులు జూన్ 12న తెరుస్తారు కాబట్టి పని జూన్‌లో మొదలుపెడితే చాలులే అనుకుంటాం. అప్పటికి ఆలస్యమైపోతుంది. చుట్టుపక్కల బడులన్నీ కలిసిన స్కూల్ కాంప్లెక్స్‌కు హైస్కూల్ హెడ్మాస్టరే పెద్ద కాబట్టి, చుట్టుపక్కల ప్రైమరీ బడుల నుంచి ఎవరెవరు రాబోతున్నారో ఏప్రిల్‌లోనే తెలుసుకోవచ్చు. పేర్ల జాబితాతో సరిపెట్టుకోకండి. ఐదో తరగతి టీచర్‌తో ఒక అరగంట కూర్చుని, మార్కులు పక్కనపెట్టి ఇవి అడగండి: ఈ పిల్లవాడికి దోస్తు ఎవరు? ఇంట్లో ఎవరుంటారు? ఏ పని చెప్తే సంతోషంగా చేస్తాడు? చెవి, కంటిచూపు, ఫిట్స్ లాంటి ఇబ్బందులేమైనా ఉన్నాయా? ఐదేళ్ళు చూసిన టీచర్‌కు తెలిసినవన్నీ టీసీ మీద ఎక్కవు. అడిగి రాసుకోకపోతే జూన్‌లో మనం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఇంట్లో ఎవరుంటారనే ప్రశ్న పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు మరీ ముఖ్యం. అమ్మానాన్నలు పనికోసం ముంబై, పుణె, బెంగళూరు, హైదరాబాద్ పోతే పిల్లలు నానమ్మ దగ్గర ఉండిపోతారు. తల్లిదండ్రుల మీటింగ్‌కు తల్లి రాలేదని ఆ పిల్లను తరగతిలో నిలబెట్టి అడిగే ముందు మనకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

వీలైతే ఒక పూట ఐదో తరగతి పిల్లలను హైస్కూలుకు రప్పించండి. ఖాళీ బడిని చూపించడం వల్ల లాభం లేదు. పిల్లలు, గంట, గోల అన్నీ ఉన్నప్పుడు రావాలి. తిప్పి చూపించే పని టీచర్లకు వద్దు, అదే ఊరి నుంచి పోయినేడు వచ్చిన ఆరో తరగతి పిల్లలకు అప్పగించండి. టీచర్ చూపిస్తే ల్యాబ్, లైబ్రరీ చూపిస్తారు. పిల్లలైతే ఏ కుళాయికి నీళ్ళు వస్తాయో, ఏ మెట్ల దగ్గర జారుతుందో చూపిస్తారు. ఆ రోజు మధ్యాహ్న భోజనం కూడా అక్కడే పెట్టించండి.

బడిబాటలో ఇల్లిల్లూ తిరిగేటప్పుడు తల్లిదండ్రులకు తప్పకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు, వయసు కాగితం లేదని పిల్లను వెనక్కి పంపకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 5, 14 సెక్షన్లలో ఇది స్పష్టంగా ఉంది. కాగితాల టెన్షన్‌తో జూన్ అంతా ఇంట్లో ఉండిపోయిన పిల్ల జూలైలో వచ్చేసరికి తరగతిలో జట్లు కట్టడం అయిపోయి ఉంటుంది.

జూన్: బాత్రూం దగ్గర మొదలుపెట్టండి

రంగులు, ముగ్గులు, స్వాగత తోరణాలు ఎన్ని పెట్టినా, బాత్రూం బాగా లేకపోతే ఆ బడి ఆడపిల్లకు భద్రంగా అనిపించదు. కొందరు పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు ముట్టుకోరు. సీసా నిండుగా తెచ్చి నిండుగానే తీసుకుపోతారు. మధ్యాహ్నానికి తలనొప్పి, సాయంత్రానికి కడుపునొప్పి. అడిగితే "దాహం కాలే మేడం" అంటారు. వాళ్ళు అసలు నీళ్ళు తాగనిది బాత్రూంకు పోవాల్సి వస్తుందని.

అందుకే బడి తెరవకముందు మీరే లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని చూడండి. గడియ పడుతుందా? పదకొండేళ్ళ పిల్ల చేతికి అందే ఎత్తులో ఉందా, లేక తలుపు పైన ఎక్కడో ఉందా? తలుపు కింద సందు ఎంతుంది? బకెట్, మగ్గు ఉన్నాయా? వెలుతురు ఉందా? మోటరు పాడైతే నీళ్ళు ఎవరు మోస్తారు? గడియ బిగించడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఊరి మహిళా సంఘం అధ్యక్షురాలే ముందుంటుంది కాబట్టి, ఈ మాట ఆమెతో నేరుగా చెప్పండి. ఆడమనిషికి ఈ విషయం వివరించి చెప్పాల్సిన పని ఉండదు.

ఆరు, ఏడు తరగతుల్లోనే చాలామంది అమ్మాయిలకు నెలసరి మొదలవుతుంది. ప్యాడ్లు ఎక్కడున్నాయో, ఎవరినడగాలో మొదటి వారంలోనే అమ్మాయిలను విడిగా కూర్చోబెట్టి చెప్పాలి. హెడ్మాస్టర్ గదిలో బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎవరూ అడగరు. ఒక మేడం దగ్గరో, తరగతి గదిలోనే ఒక సంచిలోనో ఉండాలి. బడిలో మేడం ఎవరూ లేకపోతే వంట చేసే అక్కతోనో అంగన్‌వాడీ టీచర్‌తోనో మాట్లాడి ఆ పని అప్పజెప్పండి. బట్టలకు మరక అయినప్పుడు కట్టుకోవడానికి ఒక చున్నీ, మార్చుకోవడానికి ఒక జత యూనిఫాం ఉంచితే, ఆ రోజు ఆ పిల్ల ఏడుస్తూ సగం పూటకే ఇంటికి పోయే అవసరం రాదు.

దారి

ఇంటి గడప నుంచి బడి గేటు దాకా ఉన్న భయం మనకు కనపడదు. తండా నుంచి నడిచి వచ్చేవాళ్ళు, ఆటోలో కిక్కిరిసి వచ్చేవాళ్ళు, పల్లె వెలుగు బస్సెక్కేవాళ్ళు ఎవరెవరో రాసుకోండి. దారిని బట్టి పిల్లలను జట్లుగా కలిపి, ప్రతి జట్టుకు ఎనిమిదో తొమ్మిదో చదివే అక్కనో అన్ననో తోడు పెట్టండి. వాళ్ళకు పెత్తనం ఇవ్వొద్దు. లెక్క చూసుకోవడం, ఎవరైనా రాకపోతే టీచర్‌కు చెప్పడం, ఇంతే వాళ్ళ పని.

2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయిలకు ప్రయాణం ఉచితం కాబట్టి వాళ్ళకు టికెట్ బాధ లేదు. ఒరిజినల్ ఆధార్ కార్డు సంచిలో ఉండేలా చూడండి. అబ్బాయిల పాసులకు డిపోలో అప్లికేషన్ జూన్‌లోనే పెట్టించండి.

బస్సు పోతే ఏం చేయాలన్నది మాత్రం మొదటి రోజే చెప్పాలి: "బస్సు పోతే భయపడకు, బడిలోకి తిరిగి రా. ఫలానా సారు ఉంటారు, మీ ఇంటికి ఫోన్ చేస్తారు." ఆ ఫలానా సారు ఎవరో ముందే ఖరారు చేసుకోండి, చెప్పాక తప్పకుండా ఉండాలి.

మొదటి రోజు, మొదటి వారం

ఎండలో నిలబెట్టి ఉపన్యాసాలు వద్దు. ఆ రోజు క్లాస్ టీచర్ గేటు దగ్గరే ఉండాలి. లోపలికి వచ్చే ప్రతి పిల్లనూ పేరుతో పలకరించడం ఒక్కటే ఆ రోజు పని. పేరు సరిగ్గా పలకాలి. "ఏ ఊరు నీది, ఆ తండా పిల్లవా?" అని ఊరితోనో కులంతోనో పిలిచే అలవాటు ఎక్కడైనా ఉంటే ఆ రోజే ఆగిపోవాలి. టీచర్ ఎట్లా పిలిస్తే తరగతి అట్లాగే పిలుస్తుంది.

మొదటి వారం ఒకే ఊరి పిల్లలను పక్కపక్కన కూర్చోనివ్వండి. రెండో వారం నుంచి కొద్దికొద్దిగా కలపండి. మొదటి రోజే రోల్ నంబర్ ప్రకారం కూర్చోబెడితే, అసలే కొత్తచోట ఉన్న పిల్లకు తెలిసిన ఒక్క ముఖం కూడా పక్కన లేకుండా పోతుంది.

సబ్జెక్ట్ టీచర్లు మొదటి పీరియడ్‌లో పాఠం తెరవకుండా మూడు సంగతులు చెప్పాలి: నా పేరు ఇది, ఖాళీ పీరియడ్‌లో నేను ఫలానా చోట ఉంటాను, నోట్‌బుక్ మర్చిపోతే ఇట్లా చేయి. మూడోది చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఏడుగురు టీచర్ల నోట్‌బుక్‌లు కొత్తగా మోయాల్సిన పిల్లకు రాత్రి నిద్ర పట్టనిచ్చేది అదే. టైంటేబుల్‌ను బోర్డు మీద రాసి, ప్రతి ఒక్కరూ ఒక నోట్‌బుక్ చివరి పేజీలో దించుకునేదాకా ఆగండి.

కొట్టడం, అవమానించడం గురించి బడి మొత్తానికి ఒకే నియమం ఉండాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శరీరాన్ని బాధపెట్టే శిక్షనూ మనసును వేధించడాన్నీ రెంటినీ నిషేధించింది. గోడకుర్చీ వేయించడం, క్లాసు బయట నిలబెట్టడం, "నీకు చదువెందుకురా, గొర్లు కాసుకో" అనడం అన్నీ ఇందులోకే వస్తాయి. ఒక్క టీచర్ బెత్తం పట్టుకున్నా మిగతా ఆరుగురు చేసిన పని నీళ్ళపాలు. కొత్త పిల్లకు ఏ పీరియడ్‌లో దెబ్బ పడుతుందో తెలియదు కాబట్టి అన్ని పీరియడ్లలో బిగుసుకుని కూర్చుంటుంది.

అన్నం దగ్గర

కొత్త పిల్లకు ఒంటరితనం తెలిసేది ఇంటర్వెల్‌లో, మధ్యాహ్న భోజనం దగ్గర. పళ్ళెం పట్టుకుని ఎటు పోవాలో తెలియక గోడ పక్కన నిలబడుతుంది. మొదటి నెల ఆరో తరగతికి ఒక చోటు కేటాయించి, క్లాస్ టీచర్ కూడా అక్కడే కూర్చుని తినాలి. వరుసలో పెద్ద తరగతుల పిల్లలు తోసుకుని ముందుకు పోకుండా, మొదటి కొన్ని రోజులు వీళ్ళకే ముందు వడ్డించాలి.

ఇంకో విషయం. ఐదో తరగతి దాకా పూటకు 100 గ్రాముల బియ్యం లెక్క, ఆరు నుంచి 150 గ్రాములు. పిల్లలకు ఈ సంగతి తెలియదు. మారు అడగడానికి సిగ్గుపడి సగం కడుపుతో లేచిపోతారు. "ఇక్కడ మారు అడగొచ్చు బిడ్డా" అని వంట చేసే అక్కతోనే చెప్పించండి. ఆమె పేరేమిటో పిల్లలకు తెలియాలి. టీచర్‌తో చెప్పని మాటలు చాలాసార్లు వంట చేసే అక్కకు చెప్తారు, కాబట్టి ఆమెను మన జట్టులో మనిషిగా చూసుకోండి.

వెక్కిరింతలు

నల్గొండ జిల్లాలో, అందులో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పనిచేసేవాళ్ళకు ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి బాగా తెలుసు. మిషన్ భగీరథ కుళాయి నీళ్ళు వచ్చాక పరిస్థితి మారింది కానీ, పళ్ళ మీద గోధుమరంగు చారలున్న పిల్లలు ఇంకా కనిపిస్తారు. హైస్కూల్లో ఇతర ఊళ్ళ పిల్లలు కలిసేసరికి "పళ్ళు తోముకోవా?" అనే మాట వస్తుంది. ఆ పిల్ల ఆ రోజు నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది, కొన్నాళ్ళకు మాట్లాడడమే మానేస్తుంది. ఆమెను లేపి ఓదార్చకండి, అది ఇంకో అవమానం. పేరెత్తకుండా సైన్స్ పీరియడ్‌లో చెప్పండి. ఆ చారలు పాచి కాదు, తోమితే పోవు. చిగురు లోపల పన్ను తయారవుతున్న చిన్నవయసులో తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ అట్లా తయారవుతుంది. పటిక, సున్నంతో నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తుందని కూడా చెప్పండి. వెక్కిరించిన పిల్లవాడితో తర్వాత ఒంటరిగా మాట్లాడండి.

దేవరకొండ, చందంపేట, డిండి వైపు తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగులో వాళ్ళ యాస విని నవ్వేవాళ్ళుంటారు. ఆ భాషలో నీళ్ళను, అన్నాన్ని, "బాగున్నావా"ను ఏమంటారో వాళ్ళనే అడిగి బోర్డు మీద రాయించండి. ఆ ఒక్క పీరియడ్ ఆ పిల్లలు తరగతికి నేర్పేవాళ్ళవుతారు. అమ్రాబాద్ వైపు చెంచు పిల్లల విషయంలో ఇంకా ఓపిక కావాలి. నాలుగు రోజులు రాకపోయినా, వచ్చిన రోజు "ఇన్నాళ్ళు ఎటుపోయినవ్?" అని గద్దించకుండా "వచ్చినవా, రా, కూర్చో" అనాలి.

ఫిర్యాదుల పెట్టెను మాత్రం నేను నమ్మను. హెడ్మాస్టర్ గది ముందు అందరూ చూస్తుండగా అందులో చీటీ వేసే పిల్ల ఎవరు? దాని బదులు శుక్రవారం చివరి పీరియడ్‌లో తరగతి మొత్తానికి అరకాగితాలు పంచండి. రెండే ప్రశ్నలు: ఈ వారం బడిలో నీకు పోబుద్ధి కాని చోటు ఏది? ఈ వారం నీకు సాయం చేసింది ఎవరు? పేరు రాయక్కర్లేదు. చెప్పడానికి ఏమీ లేనివాళ్ళు "ఏమీ లేదు" అని రాయాలి, కానీ అందరూ రాయాలి, అందరూ మడిచి ఇవ్వాలి. అప్పుడు ఏదో చెప్పుకున్నది ఎవరో పక్కవాళ్ళకు తెలియదు. రాయడం రానివాళ్ళు బొమ్మ వేయొచ్చు.

ఆ చీటీలు మీరొక్కరే చదవండి. "నీళ్ళ ట్యాంకు వెనక", "సైకిల్ స్టాండ్" అని రెండు మూడు చీటీల్లో ఒకే చోటు వచ్చిందంటే అక్కడ ఏదో జరుగుతోంది. ప్రార్థనలో ప్రకటించొద్దు. వచ్చే వారమంతా ఇంటర్వెల్‌లో టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి అక్కడే నిలబడండి. సగం సంగతులు దాంతోనే సర్దుకుంటాయి. రెండో ప్రశ్న కూడా ఊరికే పెట్టింది కాదు. ఏ చీటీలోనూ కనపడని పిల్ల, అంటే ఎవరికీ సాయం చేయనిది కాదు, ఎవరూ గమనించనిది, ఎవరో మీకు నెల రోజుల్లో తెలిసిపోతుంది.

ఎవరైనా వచ్చి ఫలానా వాడు కొట్టాడని చెప్తే "నువ్వేం చేసినవ్?" అనేది మొదటి ప్రశ్న కాకూడదు. ఎక్కడ, ఎప్పుడు, పక్కన ఎవరున్నారు అని అడగండి. చెప్పినందుకు మంచి పని చేశావని ఆ పిల్లతో అనండి. రెండు రోజుల తర్వాత మళ్ళీ పిలిచి ఎట్లా ఉందో కనుక్కోండి.

ఇక దాచకూడని సంగతులు. ఒంటి మీద చెయ్యి వేయడం, ఫోటోలు తీయడం, ఆటోలోనో ఇంటి దగ్గరో లైంగికంగా వేధించడం లాంటివి పిల్ల నోట వింటే పెద్దమనుషుల పంచాయితీ వద్దు, పరువు మాట వద్దు, పిల్లను పదిమంది పదిసార్లు అడగడం వద్దు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. 1098 చైల్డ్‌లైన్ నంబర్ ప్రతి తరగతి గోడ మీద, ప్రతి నోట్‌బుక్‌లో ఉండాలి. చీటీలు పంచే మొదటి రోజే పిల్లలకు చెప్పండి: "మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. కానీ ఎవరికైనా ప్రమాదం ఉందని తెలిస్తే కాపాడేవాళ్ళకు చెప్తాను."

పాఠాలు

దీని గురించి ఎక్కువ చెప్పను, టీచర్లకు తెలిసిందే. మొదటి పరీక్ష మార్కులు తరగతిలో పైకి చదవొద్దు. ప్రైవేట్ స్కూల్ నుంచి వచ్చినవాళ్ళకు హిందీ ముందే వస్తుంది, వాళ్ళ వేగం చూసి అక్షరాలు దాటేయొద్దు. ఇంగ్లిష్ మీడియం పుస్తకాల్లో ఎదురుపేజీలో తెలుగు ఉంటుంది. ముందు తెలుగు పేజీ చదువుకుని తర్వాత ఇంగ్లిష్ చదవడం తప్పు కాదని చెప్తే సగం మంది ఊపిరి పీల్చుకుంటారు.

హాస్టల్ పిల్లలు

కస్తూర్బాల్లో, గురుకులాల్లో మొదటి నెల రాత్రులు కష్టం. లైట్లు తీశాక ఒకరు ఏడిస్తే వరుసగా ఏడుపు వస్తుంది. "ఏడవొద్దు" అనకండి. ఒక అక్కను పక్క మంచం మీద పడుకోబెట్టండి. ఇంటికి ఫోన్ ఏ రోజు, ఎన్ని గంటలకు చేయొచ్చో రాసి గోడకు పెట్టి, ఆ సమయం ఎట్టి పరిస్థితిలో తప్పకండి. శిక్షగా ఫోన్ ఆపే పద్ధతి ఉంటే మానేయండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట: ఫోన్‌లో "వచ్చే ఆదివారం తీసుకుపోతా" అని ఊరడింపుకు చెప్పొద్దు. వస్తామన్న రోజు రండి, రాలేకపోతే ముందే చెప్పండి.

ఆగస్టు నుంచి దసరా దాకా

జూలై గడిచిందంటే పని అయిపోయిందనుకుంటాం. గద్వాల వైపు సీడ్ పత్తి క్రాసింగ్ పనులు (విత్తనాల కోసం పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దడం) వానాకాలంలో మొదలైతే పిల్లల చేతులకు గిరాకీ పెరుగుతుంది. దసరా తర్వాత పత్తి ఏరడం వస్తుంది. కొన్ని కుటుంబాలు వలస పోతాయి. బడి నచ్చని పిల్లకు పొలం పని ఒక సాకు అవుతుంది, బడిలో దోస్తులున్న పిల్ల పని మధ్యలో కూడా ఎట్లాగో తిరిగి వస్తుంది. అందుకే ఈ నెలల్లో హాజరు పట్టీని వారానికోసారి కూర్చుని చూడాలి. సోమవారాలే రాని పిల్ల, ఒకే సబ్జెక్ట్ ఉన్న రోజు రాని పిల్ల, మధ్యాహ్నం తర్వాత మాయమయ్యే పిల్ల ఎవరో అందులో కనిపిస్తారు.

ఇంటికి వెళ్ళినప్పుడు ముందు కూర్చోండి. "అవ్వా, పిలగాడు అన్నం మంచిగ తింటున్నడా? బడి సంగతులు ఏమన్న చెప్తడా?" అని అడగండి. "చెప్పుడే లేదు సారూ, పొద్దుగాల కడుపునొస్తదంటడు" అని ఆ ముసలమ్మ అంటే అదే మీకు కావాల్సిన జవాబు. కడుపునొప్పి ఏ రోజుల్లో వస్తుందో అడిగి, టైంటేబుల్ పక్కన పెట్టుకుని చూడండి.

దసరా సెలవులు ఇంకో మూడు రోజుల్లో ముగుస్తాయనగా, మీ లెక్కలో అనుమానంగా ఉన్న పిల్లల ఇళ్ళకు ఫోన్ చేయండి. అమ్మానాన్నలతో పాటు వలస పోయి ఉంటే, ఉన్న చోట బడిలో చేర్చమని చెప్పి, కావాల్సిన కాగితాలు పంపండి. తిరిగి వస్తామంటే ఆ సీటు అట్లాగే ఉంచండి, నోట్సు రాసిపెట్టే బాధ్యత దోస్తుకు ఇవ్వండి. బడి తెరిచిన రోజు మధ్యాహ్నానికి రాని వాళ్ళ పేర్లు రాసుకుని, సాయంత్రం అదే దారిన పోయే జట్టుతో కలిసి మీరే వాళ్ళ ఇళ్ళకు వెళ్ళిరండి.